ఎర్ర పూజకు దాచుకున్న గొంతు

గంటయ్య అసలు పేరు అది కాదు. అయితే ఆ కోర్టులో అతని అసలు పేరుతో హాజరు పట్టీకి తప్ప ఇంకెవరికీ పనిలేదు. ఇరవై తొమ్మిదేళ్ళుగా వరండా చివర నిలబడి కక్షిదారుల పేర్లు పిలవడం అతని ఉద్యోగం. ఒక్కొక్క పేరు మూడుసార్లు. బెంచి గుమాస్తా చీటీ మీద రాసిస్తాడు. గంటయ్య ఎడంచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, గడ్డం పైకెత్తి, కడుపులోంచి తీసి పిలుస్తాడు. ఆ గొంతు మెట్లు దిగి, ఆవరణ దాటి, గేటు బయట టీకొట్టు బల్ల మీద కునికిపాట్లు పడేవాణ్ణి కూడా లేపి నిలబెట్టేది. మూడో పిలుపుకీ మనిషి రాకపోతే గంటయ్య లోపలికి వచ్చి, "మూడుసార్లు పిలిచానండీ, పలకలేదు" అంటాడు. గుమాస్తా ఆ మాటే కాగితం మీద ఎక్కిస్తాడు. జడ్జిగారు కింద సంతకం పెడతారు. అంతే, ఆ కేసుకి నూకలు చెల్లినట్టే.

బతుకంతా గొంతు మీదే గడిచింది కాబట్టి గంటయ్యకు దాని మీద కాస్త గర్వం. కాస్త ఏమిటిలెండి, చాలానే. ఆ గర్వం తీరే రోజు ఏడాదికొకటి వచ్చేది. సెలవుల తర్వాత కోర్టులు తెరిచాక, రెండో శనివారం, పెద్ద గుడిలో, అంటే చర్చిలో, న్యాయవాదుల కోసం పూజ చేస్తారు. జడ్జీలూ ప్లీడర్లూ నల్లకోట్లతో వచ్చి ముందు బెంచీల్లో కూర్చుంటారు. బిషప్‌గారూ ఫాదర్లూ పవిత్రాత్మ పేరిట ఎర్రటి పూజావస్త్రాలు వేసుకుంటారు. అందుకే జనం నోట అది ఎర్ర పూజ అయింది. న్యాయం చెప్పేవాళ్ళకి దేవుడు వివేకం ఇవ్వాలని ప్రార్థన. ఇస్తున్నాడో లేదో కక్షిదారులే చెప్పాలి.

ఆ పూజలో గంటయ్యకు ఒక పని ఉంది. వెనకటి ఫాదరుగారెవరో మొదలుపెట్టిన ఆనవాయితీ. ఆ ఏడాది కాలం చేసిన జడ్జీల పేర్లూ లాయర్ల పేర్లూ, కోర్టులో పిలిచినట్టే మూడేసిసార్లు పిలవాలి. మైకు ఉండదు. మూడో పిలుపయ్యాక ఆ పోయినవాళ్ళ రక్తసంబంధులు లేచి నిలబడి, "ప్రభువు ఎదుట హాజరు" అని జవాబు చెబుతారు. ఆ మాట వింటే ఎంత గట్టి మనిషికైనా కళ్ళు చెమరుస్తాయి. పదిహేడేళ్ళుగా పిలిచేది గంటయ్యే. ఈసారిదే ఆఖరు. వచ్చే ఏటి పూజ నాటికి అతను రిటైరవుతాడు.

ఆ సోమవారం పొద్దున కోర్టు మెట్లెక్కుతుంటే పెద్ద ప్లీడరుగారు ఆపారు. పూజ ఏర్పాట్లన్నీ ఆయన చేతుల మీదుగానే జరుగుతాయి.

"ఏమయ్యా, గొంతు బొంగురుపోయినట్టుందే?"

"కాస్త గరగరండీ. వాతావరణం మారింది కదా."

"వాతావరణం సంగతి నాకొద్దు. పై కోర్టు నుంచి పెద్దలొస్తున్నారు శనివారం. నలుగురిలో నవ్వులపాలు చెయ్యకు. ఈ వారమంతా గొంతు దాచుకో."

"అలాగేనండీ," అన్నాడు గంటయ్య. అని ఊరుకోలేదు, నిజంగానే దాచుకున్నాడు.

పదకొండింటికి వాన మొదలైంది. వరండా రేకుల మీద టపటపమని పడుతూ, జల్లు తలుపు దాకా కొడుతోంది. గుమాస్తా చీటీ ఇచ్చాడు. వేరే కోర్టు నుంచి ఆ వారమే బదిలీ అయి వచ్చిన కేసు, ఎవరో ఆడమనిషి పేరు. గంటయ్య గుమ్మం దాకా వెళ్ళాడు. వరండా చివరికి పోతే తడవాలి. తడిస్తే గొంతు పట్టేస్తుంది. గుమ్మంలోనే ఆగాడు. చెవి దగ్గరికి చెయ్యి పోలేదు, గడ్డం పైకి లేవలేదు. ఇంట్లో భార్యను మంచినీళ్ళడిగే గొంతుతో ఆ పేరు అన్నాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారీ అన్నాడు. దగ్గరలో గొడుగు దులుపుకుంటున్న మనిషి కూడా తల తిప్పలేదు.

లోపలికి వచ్చి, "మూడుసార్లు పిలిచానండీ, పలకలేదు" అన్నాడు. ఆ మాట మాత్రం స్పష్టంగానే వచ్చింది.

ఒంటిగంటకు జడ్జిగారు భోజనానికి లేచారు. గంటయ్య కుర్చీలు సర్దుతుంటే తలుపు దగ్గర నీడ పడింది. చూస్తే ఇస్త్రీ అక్క. పెద్ద గుడిలో పీఠం గుడ్డలూ ఫాదర్ల వస్త్రాలూ ఉతికి ఇస్త్రీ చేసే ఆవిడ. గుడికి వచ్చే వాళ్ళందరికీ ఆవిడ ఇస్త్రీ అక్కే. చంకలో గుడ్డ సంచి, చీర అంచు మోకాళ్ళ దాకా తడి.

"తమ్ముడూ, నా కేసు ఎప్పుడు పిలుస్తావు? పొద్దుటి నుంచీ మెట్ల కింద కూర్చున్నాను. మా లాయరమ్మకు పై అంతస్తులో ఇంకో కేసుందట. పిలిచాక వచ్చి చెప్పమంది."

"నీకు కేసేమిటక్కా?"

"మనవరాలిది." ఆవిడ సంచిలోంచి కాగితం తీసి చూపించింది. దాని మీద కక్షిదారుగా ఆవిడ అసలు పేరు చదివాడు గంటయ్య. చీటీ మీద చూసిన పేరే.

"పిలిచాం కదక్కా," అన్నాడు. "మూడుసార్లు."

"నిజంగా?"

"రికార్డులో కూడా రాసేశారు. కేసు కొట్టేశారు."

ఇస్త్రీ అక్క కోపగించలేదు, అరవలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, కుడిచెయ్యి మెల్లగా చెవి మీద పెట్టుకుంది. "నువ్వు పిలిస్తే నాకు వినపడలేదా," అంది, తనతో తానే అనుకుంటున్నట్టు. "నీ గొంతు ఎంత దూరాన్నున్నా తెలుస్తుంది కదాని, నేను అక్కణ్ణుంచి కదల్లేదే. అయ్యో. చెవుడొచ్చేసిందేమో తమ్ముడూ నాకు."

గంటయ్య నోరు తెరిచాడు. వాన ఎక్కువగా ఉందిలే అక్కా, అని మాత్రం అన్నాడు.

గురువారం సాయంత్రం గంటయ్య పేర్ల చిట్టా కోసం గుడికి వెళ్ళాడు. పీఠం వెనక వస్త్రాల గదిలో ఇస్త్రీ అక్క ఎర్ర వస్త్రాలకు ఇస్త్రీ చేస్తోంది. జరీ శిలువ మీద పెట్టె నేరుగా ఆనకుండా తెల్లగుడ్డ పరిచి, వేలితో తడి చూసి, మెల్లగా అద్దుతోంది. బల్ల చివర చిన్న గౌను ఒకటి మడతపెట్టి ఉంది.

"రా తమ్ముడూ, కూర్చో. ఏడేళ్ళ పిల్ల ఎంత పొడుగుంటుంది చెప్పు? ఇంతుంటుందా?" బల్ల కన్నా జానెడు పైకి చెయ్యెత్తి చూపించింది. "అయిదేళ్ళప్పుడు చూశాను. మా అమ్మాయి పోయిన ఆరు నెలలకి అల్లుడు మళ్ళీ చేసుకున్నాడు. తప్పనను, వయసులో ఉన్నవాడు. కానీ ఆ గుమ్మం తొక్కనివ్వడు నన్ను. నెలకి రెండు ఆదివారాలు చూసుకోనిస్తే చాలని వేశాం కేసు. ఎందుకైనా మంచిదని గౌనుకి అంచు నాలుగు వేళ్ళు లోపలికి మడిచి కుట్టాను. పెరిగితే విప్పుకోవచ్చు."

"లాయరుకి ఎంతవుతోంది?" అందామనుకుని గంటయ్య మానుకున్నాడు. ఆ సంగతి ఆవిడే చెప్పింది. గొడుగు లాయరుగారు ఊరికే పట్టిన కేసట. ఎండలోనూ వానలోనూ గొడుగు మడవని ఆ ముసలి లాయరు మొన్న వేసవిలో పోయాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయే ఇప్పుడు ఈ కేసు చూస్తోంది.

ఆ మాట అంటుండగానే ఆ అమ్మాయి వచ్చింది, చేతిలో పూజ కాగితాలతో. అందరూ చిన్న లాయరమ్మ అంటారు. చిట్టా గంటయ్యకు ఇచ్చింది. నాలుగు పేర్లు. ఆఖరుది గొడుగు లాయరుది. తర్వాత ఇస్త్రీ అక్క వైపు తిరిగి బల్ల మీద ఒక మూల ఆనుకుంది.

"అమ్మా, ఒక చిక్కుంది. బుధవారం దరఖాస్తు వేస్తాను, కేసు మళ్ళీ తెరవమని. ఎందుకు రాలేదో కారణం చెప్పాలి కదా. చెవులు వినపడవని రాస్తే జడ్జిగారు తెరుస్తారు, అందులో అనుమానం లేదు. కానీ మీ అల్లుడి తరఫు ఆయన ఊరుకుంటాడా? చెవిటి ముసలావిడ చేతికి పిల్లనిచ్చి రోడ్డు మీదికి ఎలా పంపుతారు అంటాడు. అసలు కేసు అక్కడే పోతుంది."

"వినపడతాయని రాస్తే?"

"వినపడితే ఎందుకు పలకలేదంటారు. మూడుసార్లు పిలిచినట్టు రికార్డుంది. మీరు అక్కడే ఉన్నారని మీ మాట తప్ప నా దగ్గర ఏముంది?"

"మరి పిలవలేదని..." ఇస్త్రీ అక్క మాట సగంలోనే మింగేసి నాలిక కరుచుకుంది. "ఛ ఛ, ఏం మాటలివి. తమ్ముడు పిలవకపోవడమేంటి. ఆ గొంతుకి వంక పెట్టేవాళ్ళెవరు! నా చెవులే పాడయ్యాయి. మూడు రోజుల నుంచి చూసుకుంటున్నా కదా, కుళాయి చప్పుడు కూడా సరిగ్గా వినపడటం లేదు."

చిన్న లాయరమ్మ గంటయ్య వైపు చూసింది. అందులో నిందేమీ లేదు, ఊరికే చూసింది. ఆ ఒక్క క్షణంలో చెప్పెయ్యొచ్చు. నాలుగు ముక్కలు. గుమ్మంలో నిలబడి గొణిగాను, మెట్ల కిందికి వినపడే గొంతు కాదది, అంటే అయిపోయేది. గంటయ్య చేతిలో చిట్టాను మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు.

"పేర్లన్నీ సరిగ్గానే ఉన్నాయమ్మా," అని లేచాడు. శనివారం దాకా గొంతు దాచుకోవాలి కదా మరి.

ఇంటికెళ్ళి భార్యతో చెప్పాడు. ఆవిడ తేనె కలిపిన వేడినీళ్ళు చేతికిచ్చి అంతా విన్నది.

"చెబితే ఏమవుతుంది?"

"తప్పుడు రిపోర్టు ఇచ్చానని అవుతుంది. ఎన్నేళ్ళ నుంచి ఇలా చేస్తున్నావంటారు. రికార్డు గదిలో దుమ్ము దులపమని తోసేస్తారు. గుమాస్తాకీ చుట్టుకుంటుంది."

"ఇంకా పది నెలలేగా ఉంది. పది నెలలు నోరు మూసుకోలేరా?" అంది. అన్నాక తనకే ఏదోలా అనిపించినట్టుంది, గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయింది. అక్కణ్ణుంచే, "ఆ పిల్ల తల్లిని కూడా ఎరుగుదును నేను, గుడి పాటల బృందంలో ఉండేది," అంది.

శనివారం ఎండ కాసింది. గుడి నిండా నల్లకోట్లు. బెంచీలన్నీ అతిథులకని ముందే కాగితాలు అంటించేశారు. రోజూ వచ్చే మామూలు జనం పక్క గోడల వెంట నిలబడ్డారు. కొందరు బయట వసారాలోనే ఉండిపోయారు. గంటయ్య తెల్లచొక్కా వేసుకుని పీఠం మెట్టు పక్కన నిలబడ్డాడు. ఎర్ర వస్త్రాల్లో బిషప్‌గారూ ముగ్గురు ఫాదర్లూ లోపలికి నడిచి వస్తుంటే ఒక్క ముడత లేదు ఆ బట్టల మీద. జరీ తళతళలాడుతోంది. గంటయ్యకు గురువారం నాటి తెల్లగుడ్డా, ఆ వేలి తడీ గుర్తొచ్చాయి. ఆవిడ ఎక్కడుందోనని వెతికాడు. కనపడలేదు.

బైబిల్లోంచి మొదటి పఠనం చదివింది వాళ్ళ కోర్టు జడ్జిగారే. చక్కగా చదివారు. బిషప్‌గారు ప్రసంగంలో, పేదవాడి మొర వినేవాడే న్యాయమూర్తి అన్నారు. పెద్ద ప్లీడరుగారు తల ఊపారు. తర్వాత గుడి అంతా నిశ్శబ్దమైంది. ఫాదరుగారు గంటయ్యకు సైగ చేశారు.

గంటయ్య ఎడంచెయ్యి చెవి దగ్గరికి చేర్చాడు. గడ్డం పైకెత్తాడు. అయిదు రోజులు గట్టిగా మాట్లాడని, అరవని, వేడినీళ్ళతో తేనెతో సాకిన గొంతు అది. మొదటి పేరు గుడి పైకప్పుకు తగిలి తిరిగొచ్చింది. మూడో పిలుపుకి ఒక కుటుంబం లేచింది. "ప్రభువు ఎదుట హాజరు." ఎవరో వెక్కారు. రెండో పేరు. మూడో పేరు. ముందు బెంచీలో పై కోర్టు పెద్దలు ఒకరినొకరు చూసుకుని మెచ్చుకోలుగా తలలాడించారు. పదిహేడేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ పిలవలేదని గంటయ్యకే తెలుస్తోంది.

నాలుగోది గొడుగు లాయరు పేరు. ఒకసారి పిలిచాడు. రెండోసారి. మూడోసారి.

ఎవరూ లేవలేదు. లేవడానికి ఎవరున్నారు? చిన్న లాయరమ్మ రెండో వరుసలో చేతులు నలుపుకుంటోంది. రక్తసంబంధులే పలకాలన్న ఆనవాయితీ కదా, లేవాలా వద్దా అని అటూ ఇటూ చూస్తోంది. బతికుండగా నలుగురి కోసం నిలబడ్డ మనిషికి చచ్చాక పలికే దిక్కే లేకుండా పోయిందే అని గోడల వెంట నిలబడ్డవాళ్ళు తలలు దించుకున్నారు.

అప్పుడు గుడి బయటి నుంచి, వసారాకి కూడా అవతల, చెప్పులు విడిచే చోటి నుంచి ఒక ఆడగొంతు వచ్చింది. వణుకుతున్నా, తడబడని గొంతు.

"ప్రభువు ఎదుట హాజరు."

నల్లకోట్లన్నీ వెనక్కి తిరిగాయి. జడ్జిగారూ తిరిగి చూశారు. ఎండలో, స్తంభం పక్కన, ఇస్త్రీ అక్క నిలబడి ఉంది. బిషప్‌గారు ఆవిడ వైపే తల వంచి ప్రార్థన మొదలుపెట్టారు. అందరూ మళ్ళీ ముందుకు తిరిగారు. గంటయ్య ఒక్కడే ఇంకా ఆవిడనే చూస్తున్నాడు. ఆవిడ చెయ్యి మెల్లగా పైకి లేచింది. చెవి మీద ఆగింది. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకుందనుకున్నారు పక్కవాళ్ళు. గంటయ్యకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

పూజ అయ్యాక పెద్ద ప్లీడరుగారు వచ్చి భుజం తట్టారు. "అదరగొట్టావయ్యా! చెప్పానా, దాచుకోమని?" గంటయ్య వస్త్రాల గదిలోకి నడిచాడు.

ఇస్త్రీ అక్క బిషప్‌గారు విడిచిన ఎర్ర వస్త్రాన్ని బల్ల మీద పరుచుకుని, మడతల మధ్య పల్చటి కాగితం పెడుతోంది. తలెత్తలేదు.

"నా చెవులు బాగానే ఉన్నాయి తమ్ముడూ."

"బాగానే ఉన్నాయక్కా." గంటయ్య బల్ల దగ్గరికి వచ్చాడు. "ఆ రోజు నేను వరండాలోకి పోలేదు. గుమ్మంలో నిలబడి గొణిగాను. గొంతు పాడవుతుందని. దీనికోసం దాచుకున్నాను."

"దీనికోసమా?" ఆవిడ ఎర్ర వస్త్రం మీద చెయ్యి వేసి అడిగింది.

"దీనికే."

ఆవిడ ఇంకో మడత వేసింది. కాగితం సరిచేసింది. "బాగా పిలిచావులే ఇవాళ. ఆ మహానుభావుడు ఎక్కడున్నా వినే ఉంటాడు." జరీ మీద ఇంకో కాగితం పరిచింది. తర్వాత అంది, "అయిదు రోజులు నేను చెవిటిదాన్ననుకున్నాను తమ్ముడూ. ఎప్పుడైనా ఆ పిల్ల వచ్చి అమ్మమ్మా అని పిలిస్తే వినపడదేమోనని ఏడ్చాను. వంటగదిలో కూర్చుని గిన్నె మీద గరిటెతో కొట్టి చూసుకున్నాను, వినపడుతోందా లేదా అని."

తిట్టినా బాగుండేది. నాలుగు శాపనార్థాలు పెట్టినా తల వంచుకుని పడేవాడు. ఆవిడ ఏమీ అడగలేదు కూడా. వస్త్రాన్ని బీరువాలో పెట్టి తలుపు వేసి, చెయ్యి తుడుచుకుంది.

గంటయ్య బయటికి వచ్చాడు. చెట్టు కింద కాఫీ కప్పులతో నిలబడ్డ నల్లకోట్ల మధ్యలోంచి వెళ్ళి చిన్న లాయరమ్మ ముందు ఆగాడు. "రాసుకోండమ్మా," అన్నాడు. "ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను." పక్కనే ఉన్న పెద్ద ప్లీడరుగారు సంగతేమిటని అడిగి, విని, కప్పు కింద పెట్టేశారు. "నీకేమైనా పిచ్చా? ఇన్నేళ్ళ సర్వీసు చేసి చివర్లో పీకల మీదికి తెచ్చుకుంటావా?" గంటయ్య, "మీరు చెప్పింది నా మంచికేనండీ," అన్నాడు.

బుధవారం కోర్టు కిక్కిరిసి ఉంది. దరఖాస్తు పైకి వచ్చింది. జడ్జిగారు గంటయ్య అఫిడవిట్ చదివారు, కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి చదివారు. గుమాస్తా మొహంలో కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. అల్లుడి తరఫు లాయరు లేచాడు.

"ఇది నమ్మదగిన మాట కాదండీ. కాగితం మీద ఎవరైనా ఏమైనా రాస్తారు. ఈ సాక్షిని బోనులో విచారించాలి."

"సరే. సాక్షిని పిలవండి," అన్నారు జడ్జిగారు, అలవాటుగా.

అన్నాక ఆయనకే తట్టింది. గది అంతా గంటయ్య వైపు చూసింది. ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా సగం లేచి, "ఇక్కడే ఉన్నాడు కదండీ, పిలవడమెందుకు?" అని గొణిగాడు.

"పద్ధతి పద్ధతేనండీ," అన్నాడు గంటయ్య.

తలుపు దాటాడు. గుమ్మంలో ఆగలేదు. వరండా ఆ చివరిదాకా నడిచాడు, రేకుల చూరు దాటి ఎండ మొహాన కొట్టేదాకా. ఎడంచెయ్యి చెవి దగ్గర పెట్టుకుని, గడ్డం పైకెత్తి, ఇరవై తొమ్మిదేళ్ళలో మొదటిసారి తన పేరు తాను పిలిచాడు. ఆవరణలో జనం తలలెత్తారు. ఆ పేరు గల మనిషి ఎవరా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రెండోసారి పిలిచాడు. మెట్ల కింద నుంచి ఇస్త్రీ అక్క సంచి పట్టుకుని లేచింది. మూడోసారి పిలిచేటప్పుడు గొంతు చివర జీరపోయింది. ఇక దాచుకోవలసిన పనిలేదు.

లోపలికి వచ్చి బోనెక్కి, "హాజరండీ," అన్నాడు.

జడ్జిగారు కలం పక్కన పెట్టి అతని వైపు చూశారు. శనివారం నాటి గుడీ, బయటి నుంచి వచ్చిన ఆ ఆడగొంతూ ఆయనకూ గుర్తొచ్చాయో ఏమో.

"పోయిన వారం సోమవారం ఈవిడ పేరు ఇలాగే పిలిచావా?"

"లేదండీ," అన్నాడు గంటయ్య.

ఆ మాట అతను మెల్లగానే అన్నాడు. గది ఆ చివర, తలుపు దగ్గర, జనం వెనక నిలబడ్డ ఇస్త్రీ అక్కకు అది వినపడింది.